గోడ మీద చక్కటి రాత

"ఇంగ నా దొడ్డి తొక్కకు. నీ గొంగడి, నీ బట్టలు తీస్కొని నడువు!"

మైసయ్య గొంతు అంతగా లేవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. మందను కేకేసి పిలవడానికి అలవాటుపడిన గొంతే గాని, మనిషిని తిట్టడానికి కాదు. ఈ ఆదివారం పొద్దున మాత్రం ఆయన చేతికర్రతో బయటికి దారి చూపిస్తున్నాడు.

పెద్దులు షెడ్డు గుంజ పట్టుకుని నిలబడ్డాడు. మీసాలు రాకముందు ఆ ఇంట్లో జీతానికి చేరిన మనిషి. వాళ్ళ గొర్రెలను పేరు పెట్టి పిలిచేవాడు ఇంటివాళ్ళలో కూడా లేడు.

నిన్న సాయంత్రం పెద్దులు చేత్తోనే మందు తాగిన జీవాల్లో కొన్ని తెల్లారేసరికి కాళ్ళు చాపేశాయి. చచ్చినవాటిని మెట్టచెలక గట్టున పూడ్చారు. మిగిలినవి నోట నురగ కారుస్తూ మూలుగుతున్నాయి. వాటికోసం విరుగుడు సూదిమందు తేవడానికి మైసయ్య పెద్దకొడుకు చిరంజీవి సూర్యాపేట పోయాడు.

"కడుపుల నట్టలకు తాగించే మందేదో, ఒంటి మీది పిడుదులకు పూసే మందేదో తెల్వదారా నీకు?"

"నాకెట్ల తెలుస్తది పెద్దయ్యా? డాక్టర్ కాడి పిలగాడు డబ్బాలకెల్లి ఉత్త సీసాలల్ల పోసిచ్చిండు. నేను బిడ్డను అడిగిన. సిన్న సీసాది తాగియ్యాలె మామా అని బిడ్డ సదివి సెప్పింది."

"మల్లదే మాట! మరి గా గోడ మీద ఏమున్నదిరా?"

అందరి కళ్ళూ షెడ్డు గోడ మీదికి పోయాయి. ఎర్రమట్టి అలికిన గోడ. దాని మీద సుద్దముక్కతో రెండు వరుసలు. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు. తలకట్లు, గుడులు, ఒత్తులు అచ్చేసినట్టున్నాయి.

'చిన్న సీసా మందు ఒంటికి పూయాలి. పెద్ద సీసా మందు తాగించాలి.'

మందులతోపాటు వచ్చిన చీటీని మనవరాలి చేతికిచ్చి, చదివి పెద్దులుకు చెప్పమని, మరిచిపోకుండా గోడ మీద రాసి పెట్టమని మైసయ్యే చెప్పాడు. పొద్దున చిరంజీవి ఆ రాతను అందరూ వినేలా చదివాడు. ఇంక విచారణ దేనికి? రాసిన పిల్లకు తెలియనిది, చదువురాని పెద్దులుకు తెలుస్తుందా?

"బిడ్డా, నువ్వేం సెప్పినవ్ వీనికి?" అన్నాడు మైసయ్య.

అయిదో తరగతి చదివే వర్షిత తల్లి కొంగు చాటునుంచి సగం మొహమే చూపించింది.

"గోడ మీదున్నదే చెప్పిన తాతా."

పెద్దులు ఆ పిల్ల వైపు చూశాడు. "వాసన ఘాటుగున్నది, మల్లొక్కసారి సదువు బిడ్డా అన్న గదా. ఏలు వెట్టి మరీ సదివినవ్..."

వర్షిత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దులు అక్కడితో ఆగిపోయాడు.

"సరే తియ్యిండ్రి పెద్దయ్యా. నా సెవులే ఖరాబైనయేమో. మా బామ్మర్ది ఆటో తెస్తడు, పగటికల్ల ఎల్లిపోత."

గడపలో నిలబడ్డ ఉమారాణి ఆ రాత మీంచి చూపు తిప్పుకోలేకపోయింది. ఆ ఇంటి చిన్నకోడలు, ఊరి బడిలో టీచరు. వర్షితకు వరసకు చిన్నమ్మ, తరగతిలో పంతులమ్మ. గోడ మీది ఆ గుండ్రటి అక్షరాలు నేర్పింది ఆవిడే. నోరు తెరవాల్సింది కూడా ఆవిడే, తెరవలేదు.

*

వర్షిత తల్లి ఐలమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళాక, ఉమారాణి వర్షితను షెడ్డు దగ్గరికి పిలిచింది.

"అది చదువు."

వర్షిత గోడ మీద వేలు పెట్టి గడగడా చదివేసింది. తప్పు లేదు, తడబాటు లేదు. ఉమారాణి గుండె ఒక్క క్షణం తేలికపడింది. పెద్దులే తప్పు విని ఉంటాడని అనుకోవడానికి ఆవిడ ఎంత సిద్ధంగా ఉందో చూస్తే ఎవరికైనా సిగ్గేస్తుంది.

కాని ఆవిడ టీచరు. వేలు ఎక్కడుందో చూడకుండా ఉండలేదు. పిల్ల నోరు 'పెద్ద సీసా' అంటున్నప్పుడు వేలు ఇంకా 'ఒంటికి' దగ్గరే ఉంది. పొద్దున్నుంచి ఇంట్లో అందరూ అంటున్న మాటలు. వినీ వినీ నోటికొచ్చేశాయి.

ఉమారాణి సుద్దముక్క తీసుకుని కింద ఇంకో వాక్యం రాసింది.

'పెద్దులు నిజమే చెప్పాడు.'

"ఇది చదువు."

వర్షిత ఆ వాక్యాన్ని చూసింది. చిన్నమ్మ మొహం చూసింది. తర్వాత చిన్నమ్మ చేతిలోని సుద్దముక్క తీసుకుని, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, ఆ వాక్యం కిందే అదే వాక్యం రాసింది. టీచరు రాసిన దానికంటే అందంగా వచ్చింది.

"చదవమన్నాను వర్షితా."

"రాసిన గద టీచర్."

"రాయమనలేదు. చదవమన్నాను."

"మీరే చెప్పిన్రు గద, ఎవరన్న చదువుమంటే రాసి చూపిస్త అనుమని..."

ఉమారాణి గోడకు చేరగిలబడింది.

చెప్పింది. నిజమే. నిరుడు తనిఖీకి వచ్చిన సారు వర్షితను లేపి పుస్తకం చేతికిచ్చాడు. పిల్ల నోరు పెగల్లేదు. "సార్, ముందు దాని రాత చూడండి సార్" అని ఉమారాణి అడ్డుపడి నోట్సు చూపించింది. సారు రాత చూసి మురిసిపోయాడు. ఆయన వెళ్ళాక, ఇకమీదట ఎవరైనా చదవమంటే రాసి చూపిస్తానను అని పిల్లకు చెప్పింది. అదే రాతకు సూర్యాపేట చేతిరాత పోటీలో షీల్డు కూడా వచ్చింది. ఆ షీల్డు ఇప్పుడు మైసయ్య నడింట్లో దేవుడి పటాల పక్కన ఉంది.

అంతకుముందు కూడా ఒకసారి తెలిసే ఉండాలి. వర్షిత నోట్సులో ఉమారాణి ఎర్రసిరాతో 'రేపు మీ అమ్మను బడికి తీసుకురా' అని రాసింది. మర్నాడు ఐలమ్మ రాలేదు. ఆ ఎర్ర వాక్యమే పేజీ నిండా, పై నుంచి కింది దాకా, ముచ్చటగా రాసి తెచ్చింది పిల్ల. అది కూడా చూచిరాతేనని పిల్ల అనుకుంది. ఉమారాణి నవ్వుకుని, కింద 'గుడ్' అని పెట్టి సంతకం చేసింది.

నవ్వింది! ఆ నవ్వు ఇప్పుడు గుర్తొచ్చి ఒళ్ళంతా చీదరగా అనిపించింది.

ఆవిడ తరగతిలో పొద్దున్నే చూచిరాత. పిల్లలు తలలు వంచుకుని రాస్తుంటే బడంతా నిశ్శబ్దం. వచ్చినవాళ్ళంతా మెచ్చుకునేది ఆ నిశ్శబ్దాన్నే. మధ్యాహ్నం పాఠం చదవడం. టీచరు ఒక వాక్యం అంటే పిల్లలంతా ఒక్క గొంతుతో అంటారు. అందరికంటే పెద్ద గొంతు వర్షితదే. రాసేది ఒక పీరియడు, చదివేది ఒక పీరియడు, రెండింటికీ మధ్య ఇంటర్వెల్. రాసిన పిల్లను అది చదవమని గాని, చదివిన పిల్లను దాని గురించి రాయమని గాని ఆవిడ ఒక్కనాడూ అడగలేదు. అడిగితే గోల అవుతుంది, రాత చెడుతుంది.

"మరి పెద్దులు మామకు ఎలా చెప్పావ్?"

"పోయినసారి సిన్న సీసాదే తాగిచ్చిన్రు చిన్నమ్మా. గప్పుడు నేను సూసిన. గిప్పుడు కూడ గట్లనే ఉంటదనుకున్న." పిల్ల వెక్కిళ్ళు పెట్టింది. "అందరితోని అంటే వస్తది. ఒక్కదాన్నే అంటే అచ్చరాలు తెలుస్తలేవు. అమ్మకు చెప్పకు చిన్నమ్మా. నాయిన సంపుతడు."

ఉమారాణి పిల్లను దగ్గరికి తీసుకుంది. కొంగుతో దాని కళ్ళు తుడిచింది.

*

మిర్యాలగూడ మిల్లులో గుమస్తా పని చేసే భర్త శ్రీనుకు ఫోన్ చేసింది. ఫోన్లో లారీల హారన్లు, హమాలీల కేకలు.

"ఏమండీ, పెద్దులు తప్పేం లేదు. వర్షితే తప్పు చెప్పింది. దానికి చదవడం రాదు."

"ఏం మాట్లాడుతున్నవ్? షీల్డ్ కొట్టిన పిల్లకు సదువు రాదా?"

"రాదు. నేను నేర్పలేదు."

శ్రీను గొంతు తగ్గించాడు.

"గీ ముచ్చట ఇంకెవరికన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. ఎల్లుండే గదా కోదాడ, మిర్యాలగూడ టీచర్లు నీ క్లాసు సూడనీకి వచ్చేది? గిప్పుడు గిది బయటవడితే ఇజ్జత్ ఉంటదా? పిల్లకు నువ్వే మెల్లగ నేర్పు."

"మరి పెద్దులు?"

"గాయనకు గీడ మిల్లుల పని ఇప్పిస్త. జీవాల ఎనక తిరిగేదాని కంటె నయమే గద. ఖతం చెయ్ ఇగ."

ఫోన్ పెట్టేశాక ఉమారాణికి హాయిగా అనిపించింది. తాను అడగాలనుకున్న మాటే ఆయన నోటివెంట వచ్చింది. అలా హాయిగా అనిపించినందుకే ఆవిడకు తన మీద తనకు అసహ్యం వేసింది.

*

వంటింట్లో ఐలమ్మ విస్తరాకులో అన్నం కడుతోంది, పెద్దులు దారిలో తినడానికి. కళ్ళు పొగకు ఎర్రబడ్డాయో, ఏడుపుకో తెలియదు.

"కూసో చెల్లె. నాకేం సమజైతలేదు. పెద్దులు అబద్ధమాడే మనిషి గాదు. నా బిడ్డ సూస్తె గట్ల చెప్పలేదంటది. మరి తిరకాసు యాడున్నది?"

ఉమారాణి పీట మీద కూర్చుంది.

"అక్కా..."

"మాయన అప్పుడే అన్నడు, నీ కొడుకు తీరు పిల్లను గూడ సూర్యాపేట బడి బస్సెక్కిద్దామని. నేనే వద్దన్న. ఇంట్లనే పంతులమ్మను వెట్టుకొని బయటికెందుకు, ఉమ చూసుకుంటది అన్న. నాకు అచ్చరం రాకపాయె, నా బిడ్డకన్న రావాలె గదా." ఐలమ్మ అన్నం మీద పప్పు పోసి, ఆకు మడిచి, దారం చుట్టింది. "నువ్వే చెప్పు. దానికి సదువు మంచిగనే వస్తది గదా?"

ఇంత సూటిగా ఆ ప్రశ్న ఎవరూ ఆవిడను అడగలేదు. తనిఖీకి వచ్చిన సారు కూడా అడగలేదు.

"దాని రాత చూశావు కదా అక్కా" అంది ఉమారాణి.

"అవ్. అద్దం తీరు ఉంటది" అని ఐలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ జవాబుతో ఆవిడకు నెమ్మది కలిగింది. అది చూసి ఉమారాణి లేచి బయటికొచ్చేసింది. అక్కడే కూర్చుని ఉంటే నిజం చెప్పేసేదేమో.

*

ఆటో వచ్చి దొడ్డి తడక ముందు ఆగింది.

పెద్దులు గొంగడి భుజాన వేసుకుని మంద దగ్గరికి పోయాడు. మూలుగుతున్న ఒక గొర్రె నోటి నురగను తన తువ్వాలతో తుడిచాడు. మైసయ్య మంచంలో అటు తిరిగి కూర్చున్నాడు. ఐలమ్మ అన్నం మూట తెచ్చిచ్చింది. వర్షిత, తల్లి పక్కన నిలబడి, పెద్దులు వైపు చూడకుండా కాలి బొటనవేలితో మట్టి గీకుతోంది.

"పోతన్న బిడ్డా" అన్నాడు పెద్దులు. "మంచిగ సదువుకో."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఉమారాణి తట్టుకునేదే.

"మామయ్యా, ఆగండి. పెద్దులు ఎక్కడికీ వెళ్ళొద్దు."

మైసయ్య తల తిప్పాడు.

"ఆయన అబద్ధం చెప్పలేదు. వర్షితే తప్పు చెప్పింది. దానికి చదవడం రాదు."

"ఏందీ?" ఐలమ్మ ముందుకొచ్చింది. "గోడ మీద గంత మంచిగ రాసిన పిల్లకు..."

"రాయడం వచ్చక్కా. చూసి ముగ్గేసినట్టు రాస్తుంది. ఏం రాసిందో దానికి తెలియదు."

"నీకు తెల్వదా మరి?"

అందరూ ఆవిడనే చూస్తున్నారు. సగం దూరం వచ్చేసింది. ఇంకో సగం ఉంది. అక్కడే వెనక్కి తగ్గింది.

"ఇవాళే... ఇవాళే తెలిసింది అక్కా. నా దగ్గర దాచింది."

వర్షిత చప్పున తలెత్తింది.

ఐలమ్మ కూతురి రెక్క పట్టి గుంజింది. "దొంగమొహందానా! మమ్ముల మోసం చేసింది గాక, సదువు చెప్పే చిన్నమ్మను గూడ మోసం చేసినవా? మూగజీవాలను సంపితివి, గా మనిషిని రోడ్డుకు ఎక్కిస్తివి!" వీపు మీద ఒక్కటేసింది. ఇంకోటేసింది. "ఎందుకు దాచినవే? చెప్పు!"

పిల్ల చెప్పలేదు. దెబ్బలు తింటూ ఉమారాణినే చూస్తోంది. నోట్లో ఉన్న మాట బయటికి రానివ్వకుండా పెదాలు బిగబట్టింది. చిన్నమ్మ పరువు కాపాడుతోంది, బడిలో నేర్చుకున్నట్టే.

పెద్దులు అన్నం మూట ఆటోలో పెట్టి పరుగున వచ్చాడు. "కొట్టకక్కా, పసిపిల్ల..."

"నువ్వు జరుగు!"

"అక్కా, కొట్టకు!" ఉమారాణి ఐలమ్మ చెయ్యి పట్టుకుంది. "అది దాచలేదు. నేను దాచాను. నాకు నిరుడే తెలుసు. ఎవరైనా చదవమంటే రాసి చూపించమని దానికి నేర్పింది నేనే."

ఐలమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మైసయ్య మంచం దిగి వచ్చి, పెద్దులు భుజం మీది గొంగడి తీసి మంచం మీద పెట్టాడు.

ఐలమ్మ మెల్లగా తన చెయ్యి విడిపించుకుంది. తిడుతుందనుకుంది ఉమారాణి. తిడితే బాగుండుననుకుంది. ఐలమ్మ గొంతు పెంచలేదు.

"నీ కొడుకు మా వర్షితకన్న చిన్నోడు గదా?"

"అవునక్కా."

"కోదాడల అమ్మమ్మ ఇంటికాడ ఉన్నడు గదా గిప్పుడు. మొన్న ఫోన్ల అమ్మమ్మకు పేపరు సదివి ఇనిపిస్తుండె. నేనిన్న. వానికి సదువొస్తది."

"వస్తుంది."

"సూర్యాపేట బళ్ళె నేర్పిన్రా తెలుగు సదువుడు?"

ఔనంటే అయిపోయేది. డబ్బు కట్టే బడి మీదికి నెట్టేస్తే, ఐలమ్మ నమ్మేది కూడా.

"లేదక్కా. అక్కడ అంతా ఇంగ్లీషే. తెలుగు నేనే నేర్పాను, ఇంట్లో."

"ఎట్ల నేర్పినవ్?"

ఉమారాణి వర్షిత వైపు చూసింది. వర్షిత, తల్లి పక్కనే నిలబడి, వెక్కిళ్ళు ఆపుకుని, ఆ జవాబు కోసం చెవి ఒగ్గి వింటోంది.

"అన్నాలు తిన్నాక... ఒక చిన్న కథ చదివించేదాన్ని. దాన్ని వాడి మాటల్లో రాయమనేదాన్ని. తప్పులున్నా సరే, వంకర ఉన్నా సరే. రాసింది మళ్ళీ వాడితోనే చదివించేదాన్ని."

"గంతేనా?" అంది ఐలమ్మ.

"అంతే అక్కా."

ఐలమ్మ కూతురి చెయ్యి పట్టుకుని ఆటో దగ్గరికి నడిచింది. పెద్దులు అన్నం మూట తీసి ఆయన చేతికిచ్చి, పిల్లను ఎక్కించింది, తానూ ఎక్కింది.

"సూర్యాపేటకు పోనియ్ తమ్మీ" అంది ఆటో అతనితో. "దీని నాయిన ఆడనే ఉన్నడు. దీన్ని గాడి బళ్ళనే ఏస్తం."